రబ్బరు పాలకు తోడు వేసిన తీగ

మన మలేసియా తెలుగు కుటుంబాలలో రెండు మూడు తరాలు వెనక్కి వెళితే రబ్బరు తోట తగలని ఇల్లు అరుదు. బగాన్ దాతో కొబ్బరి తోటలకు వెళ్ళినవారి కథ వేరు. తక్కినవారికి తాతముత్తాతల కథ అంటే తెల్లవారకముందే పెరట్టు, నుదుట దీపం, చేతిలో గీత కత్తి, భుజాన పాల బకెట్ల కావడి. ఈ కథను పెద్దలు పలుమార్లు వ్రాశారు; మాకన్న బాగా వ్రాశారు. అందుచేత మేము ఈ ఉత్సవ సంచికలో ఆ చెట్టును గురించి కాక ఒక తీగను గురించి వ్రాయదలచాము. మన తోటల్లో ఆ తీగకు విలువ లేదు. చెట్టుకు అల్లుకున్న ఏ తీగనైనా కలుపు కింద కోసి పారేయడమే తోట పద్ధతి. అయితే మనుషులు రబ్బరును మొట్టమొదట వాడుకలోకి తెచ్చుకున్న రోజుల్లో ఆ పాలను గడ్డ కట్టించినది ఈ తీగ రసమే. ఈ సంగతి ప్రపంచానికి శాస్త్రీయంగా రుజువై ఇంకా ముప్ఫై యేళ్ళు కాలేదు.

ముందు ఆ తీగ మా కంట పడిన వైనం చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం మా పెద్దమ్మను వెంటబెట్టుకుని పేరాక్‌లో ఆమె పని చేసిన పాత తోటకు వెళ్ళాము. రబ్బరు పోయి చాలా కాలమైంది. ఎటు చూసినా ఆయిల్ పామ్. కూలి లైన్లు కూల్చివేశారు. రాములవారి గుడి మాత్రం మిగిలింది. దీపం పెట్టి తిరిగి వచ్చేసరికి పొద్దు వాలింది. వాగు గట్టున తుప్పల మీదుగా ఒక తీగ పాకి వుంది. చీకటి పడుతూంటే దాని మొగ్గలు మా కళ్ళ ముందే విచ్చుకున్నాయి. ఇది కవులు చెప్పే మాటగా తీసుకోవద్దు. నిజంగానే విచ్చుకోవడం కంటికి కనబడుతుంది. మడిచిన గొడుగులా మెలిదిరిగి వున్న మొగ్గ కొద్దిగా వణుకుతుంది, మెలి వదులుతుంది, నిమిషం రెండు నిమిషాల్లో అరచేతి వెడల్పున తెల్లని పువ్వు అయిపోతుంది. వెంటనే గాలికి సువాసన వస్తుంది. పెద్దమ్మ చూసి, ‘చీకటితో పాలకి పోయేటప్పుడు ఈ పువ్వుని చూసేదాన్ని, పేరు తెలీదు’ అన్నది.

దీనిని ఇంగ్లీషువారు మూన్‌ఫ్లవర్ అంటారు, అంటే చంద్రపుష్పం. శాస్త్రనామం ఐపోమియా ఆల్బా. మార్నింగ్ గ్లోరీ అనే తీగల కుటుంబంలోనిది. ఆ కుటుంబం మనకు కొత్త కాదు. ఇక్కడ కంగ్‌కుంగ్ అని రోజూ వేయించుకు తినే ఆకు మన తూటికూరే, అదీ ఐపోమియాయే. చిలగడదుంప అదే జాతి. సముద్రపు ఇసుక మీద ఊదారంగు పూలతో పాకే తపాక్ కుడా తీగ, గుర్రపు డెక్క వంటి ఆకు వున్నది, అదీ వీటి చుట్టమే. వీటిలో చాలా వాటికి ఉదయం పూట పూయడం స్వభావం, ఎండెక్కితే ముడుచుకుంటాయి. మన వెన్నెల తీగది తలకిందుల వ్యవహారం. సాయంత్రం విచ్చి, రాత్రంతా వుండి, పొద్దు పొడిచాక వాడిపోతుంది. ఒక పువ్వుకు ఒక్క రాత్రే ఆయువు.

రాత్రి ఎందుకు పూస్తుందంటే దాని అతిథులు రాత్రి తిరిగేవారు కనుక. పొడుగాటి తొండం గల పెద్ద చిమటలు, పువ్వు మీద వాలకుండా గాలిలో నిలిచే తేనె పీలుస్తాయి. అందుకే ఆ పువ్వు గొట్టం సన్నగా, 7 నుంచి 12 సెంటీమీటర్ల దాకా పొడుగ్గా వుంటుంది. తెలుపు చీకట్లో కనబడేందుకు, వాసన దూరం నుంచి పిలిచేందుకు. పువ్వు మీద నక్షత్రం గీసినట్టు ఐదు లేతాకుపచ్చ చారలు వుంటాయి. ఆకు హృదయాకారం, ఒక్కోసారి మూడు మొనలుగా చీలుతుంది. ముదురు కాడ మీద ముళ్ళలా బుడిపెలుంటాయి, అవి మెత్తన, గుచ్చుకోవు. కాయలో సాధారణంగా నాలుగు గింజలు. కాడ తుంచితే పాలు కారతాయి. ఈ చివరి మాట గుర్తుంచుకోవాలి.

ఒక జాగ్రత్త. మన సముద్ర తీరాలలో తెల్లగా రాత్రి పూసే ఐపోమియా మరొకటి వుంది. దాని కాడ నున్నగా, బుడిపెలు లేకుండా వుంటుంది. ఆ రెంటినీ ఒకటిగా పొరబడేవారున్నారు. అలాగే కంగ్‌కుంగ్‌కు చుట్టం కదా అని ఈ తీగ ఆకును గాని గింజను గాని ఎవరూ నోట పెట్టరాదు.

ఈ తీగ పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాలు. కాని దానికి శాస్త్రనామం వచ్చిన తీరు విచిత్రమైనది. కొచ్చిన్‌లో డచ్చి గవర్నరుగా వున్న వాన్ రీడ్ అక్కడి వైద్యుల సహాయంతో మలబారు మొక్కల బొమ్మలు గీయించి ‘హోర్టస్ మలబారికస్’ అనే గ్రంథాన్ని 1678 నుంచి 1693 వరకు పన్నెండు సంపుటాలుగా ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చు వేయించాడు. దానిలో ‘ముండవల్లి’ అనే పేరుతో ఈ తీగ బొమ్మ వుంది. స్వీడను పండితుడు లిన్నేయస్ 1753లో ఆ బొమ్మను ఆధారం చేసుకునే ఐపోమియా ఆల్బా అని నామకరణం చేశాడు. మెక్సికో మనిషికి కేరళలో తీసిన ఫొటోతో పాస్‌పోర్టు ఇచ్చినట్టన్న మాట! అంటే 17వ శతాబ్దం నాటికే ఈ తీగ సముద్రాలు దాటి దక్షిణ భారతానికి చేరింది. మన పెద్దలు మద్రాసులో ఓడ ఎక్కి పినాంగులో దిగడానికి చాలా ముందే అది వలస వెళ్ళిందన్న మాట.

ఇక అసలు కథకు వద్దాము.

దక్షిణ మెక్సికోలో, వెరక్రూజ్ ప్రాంతంలో, ఎల్ మనతీ అనే చోట ఒక కొండ అడుగున నీటి ఊటలున్నాయి. 1988 నుంచి అక్కడి బురదలో తవ్వకాలు జరిగాయి. రాతి గొడ్డళ్ళు, కొయ్యతో చెక్కిన మనుష్యుల ప్రతిమలు, వాటితో పాటు రబ్బరు బంతులు బయటపడ్డాయి. గాలి చొరని బురద కనుక అవి కుళ్ళకుండా నిలిచాయి. వాటిలో పాతవి క్రీస్తు పూర్వం 1600 నాటివని తేల్చారు. అంటే నేటికి మూడువేల ఆరువందల యేళ్ళు. ఆ తీరంలో వెలసిన ప్రాచీన నాగరికతను నేడు ‘ఓల్మెక్’ అని పిలుస్తారు. అజ్తెక్కుల భాషలో ఆ మాటకు రబ్బరు దేశపు వారని అర్థం.

వారి రబ్బరు మనం గీసిన చెట్టుది కాదు. మన చెట్టు హీవియా, బ్రెజిల్ అడవులది. వారిది కాస్తిల్లా అనే మరొక చెట్టు. దాని పాలను ఊరికే ఆరబెడితే వచ్చే పదార్థం మొదట జిగటగా వుండి, ఎండాక పెళుసెక్కుతుంది. దానితో ఎగిరే బంతి చేయడం కుదరదు. మరి ఆ బంతులు ఎలా అయ్యాయి? ఆ దేశాన్ని గెలిచిన స్పెయిన్ వారు 16వ శతాబ్దంలోనే వ్రాసిపెట్టారు, స్థానికులు చెట్టు పాలలో ఒక తీగ రసం కలుపుతారని. చాలా కాలం ఆ మాటను లోతుగా పరీక్షించినవారు లేరు.

1999లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన డొరతీ హోస్లర్, శాండ్రా బర్కెట్, మైకేల్ టర్కేనియన్ అనే ముగ్గురు ‘సైన్స్’ పత్రికలో ఈ విషయం ప్రకటించారు. మెక్సికోలో చియాపాస్ ప్రాంతపు రైతులు నేటికీ ఆ పని చేయగలరు. వారి పద్ధతి చూసి వ్రాసుకున్నారు. కాస్తిల్లా చెట్ల దాపున పెరిగే ఐపోమియా ఆల్బా తీగను లాగి, ఆకులు దూసి, చుట్టగా చుట్టి, రాతి మీద నలగగొట్టి, పిండిన రసాన్ని చెట్టు పాలలో పోసి కలుపుతారు. కాసేపటికి తెల్లని ముద్ద పైకి తేలుతుంది. అది బిగుసుకునే లోపల చేతులతో వత్తి బంతి చేస్తారు. ఆ ముద్ద నేల మీద వేస్తే ఎగురుతుంది.

దీని లోని మర్మం కూడా కొంత చెప్పారు. పాలలో రబ్బరుతో పాటు వున్న ఇతర పదార్థాలు తీగ రసం వల్ల విడిపోతాయి, రబ్బరు శుభ్రపడుతుంది. పైగా తీగలో గంధకంతో కూడిన సమ్మేళనాలు వున్నాయి. అవి రబ్బరు పోగుల మధ్య పట్టును పెంచి సాగే గుణం ఇస్తాయి. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో వేడి చేసి ‘వల్కనైజింగు’ కనిపెట్టాడని మనం బడిలో చదివాము. ఆ రెండూ ఒకటేనని అనడానికి లేదు. గుడ్‌ఇయర్ రబ్బరు ఎండకూ చలికీ తట్టుకున్నట్టు ఆ ప్రాచీన రబ్బరు తట్టుకోలేదు. కాని దారి అదే, మూడు వేల యేళ్ళకు పైగా ముందు, కొలిమి లేకుండా, వట్టి చేతులతో.

మాకు ఇంతకన్న ఆశ్చర్యం కలిగించినది తరువాతి పరిశోధన. 2011లో హోస్లర్, టర్కేనియన్ కలిసి పాళ్ళు మార్చి మార్చి పరీక్షించి చూపారు. పాలు సగం, తీగ రసం సగం కలిపితే అన్నిటికన్న బాగా ఎగిరే రబ్బరు వస్తుంది, బంతికి అదే కావాలి. మూడు పాళ్ళు పాలకు ఒక పాలు రసమైతే అరుగుదలకు ఓర్చే రబ్బరు వస్తుంది, చెప్పుల అట్టలకు తగినది. ఏమీ కలపని పాలు జిగురుగానూ, గొడ్డలికి పిడి కట్టే పట్టీలుగానూ బాగుంటాయి. వంట చేసే అమ్మకు పులుసుకు ఎంత చింతపండు, పచ్చడికి ఎంత అని ఎవరూ తూచి చెప్పరు కదా, ఆ చేతి లెక్క వంటిదే ఇది.

ఆ బంతులతో వారు ఆడిన ఆట మధ్య అమెరికా అంతటా వ్యాపించింది. చేత్తో తాకకుండా తుంటితో కొట్టే ఆట. మెక్సికోలో సినలోవా రాష్ట్రంలో నేటికీ మిగిలి వుంది. 1528లో కోర్తెస్ కొందరు ఆటగాళ్ళను స్పెయిన్ చక్రవర్తి కొలువుకు తీసుకువెళ్ళాడు. జర్మను చిత్రకారుడు వైడిట్జ్ మరుసటి యేడు వారి బొమ్మ గీశాడు. నేల నుంచి అంత ఎత్తు లేచే బంతిని అంతకు ముందు యూరపు వారు చూసి వుండలేదు. అన్నట్టు ఇంగ్లీషు వారి ‘రబ్బరు’ అనే మాటకు తుడిచేది అని మాత్రమే అర్థం. 1770 ప్రాంతంలో పెన్సిలు గీతలు చెరపడానికి వాడినందున వచ్చిన పేరది.

మరొక లెక్క వున్నది. అజ్తెక్కుల రాజ్యానికి ఏయే సీమ ఏమేమి కప్పం కట్టిందో చూపే ‘కోడెక్స్ మెండోజా’ అనే చిత్రాల గ్రంథంలో తోచ్‌తెపెక్ అనే సీమ ఇవ్వవలసిన వాటిలో 16,000 రబ్బరు బంతులు వున్నాయి. ఈ అంకె చదివినప్పుడు మాకు పెద్దల మాటల్లో వినబడే పద్దు పుస్తకం గుర్తుకు వచ్చింది. కట్టినది ఏ సీమో తెలిసింది, కట్టించుకున్న రాజ్యమూ తెలిసింది. అన్ని చెట్లు గాటు పెట్టి, అంత తీగ నలిపి, ముద్ద ఆరేలోగా వత్తిన వారి పేర్లు ఆ గ్రంథంలో లేవు.

ఇక మన వైపుకు వద్దాము. కాస్తిల్లా చెట్టును కూడా ఇంగ్లీషు వారు ఆసియాకు తేకపోలేదు. 1875లో రాబర్ట్ క్రాస్ అనే తోటమాలి పనామా నుంచి ఆ మొక్కలను తెచ్చాడు. కాని దానిని ఒకసారి గీస్తే పాలు బాగా కారుతాయి, మళ్ళీ గీయాలంటే చాలా కాలం ఆగాలి. హీవియా అలా కాదు. తగుమాత్రం గీస్తూ వుంటే పాలు ఇస్తూనే వుంటుంది. 1876లో విక్‌హామ్ బ్రెజిల్ నుంచి సుమారు 70,000 హీవియా గింజలను లండను దగ్గరి క్యూ తోటకు చేర్చాడు. 1877లో 22 మొక్కలు సింగపూరు వచ్చాయి. వాటిలో కొన్ని హ్యూ లో దొర చేత క్వాలా కంగ్సార్ చేరాయి. సింగపూరు వృక్షోద్యానానికి 1888లో వచ్చిన రిడ్లీ, చెట్టు చావకుండా బెరడును పొరలు పొరలుగా గీసే పద్ధతిని సాధించాడు. 1896లో మలక్కాలో టాన్ చే యాన్ తొలి రబ్బరు తోట వేశాడు. తరువాతది మన కథ. కంగాణీలు శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచీ, చిత్తూరు వైపు నుంచీ మనవారిని తీసుకువచ్చారు. 1938లో భారత ప్రభుత్వం ఆ కూలి వలసను ఆపేదాకా ఓడలు వస్తూనే వున్నాయి.

చెట్టు వచ్చింది, పద్ధతులు వచ్చాయి, మనుషులు వచ్చారు. తీగ మాత్రం ఈ పనికి రాలేదు. దానికి బదులు సీసాలలో ఆమ్లం వచ్చింది. తోట ఫ్యాక్టరీలో పాలు వడగట్టి, నీళ్ళు కలిపి పలచన చేసి, తొట్లలో పోసి, ఫార్మిక్ ఆమ్లం కలుపుతారు. చీమ కుడితే మంట పుట్టించేదీ ఆ ఆమ్లమే. కలిపిన పాలు గడ్డ కడతాయి. దానిని యంత్రాల మధ్య నొక్కి, చారల షీట్లు చేసి, పొగ ఇంట్లో వేలాడదీస్తారు. ఆ పుల్లటి కంపు మన పెద్దల బట్టల్లోంచి ఎన్నిసార్లు ఉతికినా పోయేది కాదని ఇంటింటా చెబుతారు.

ఇక్కడ మా పెద్దమ్మ మాట చెప్పాలి. ఆమె ముప్ఫై యేళ్ళకు పైగా చెట్లు గీసింది. ఆమెకు గుర్తున్నవి ఎకరాలూ దొరల పేర్లూ కావు. ఏ చెట్టు బెరడు మందం, దేనిది పలచన, కత్తి ఎంత లోతుకు పోతే పాలు, ఇంకొక్క వెంట్రుక లోతు పోతే చెట్టుకు గాయం, అవి ఆమెకు చేతిలో వున్నాయి. గాయమైతే కూలి కోసేవారు. ఎండ రాకముందే గీయాలి, ఎండెక్కితే పాల ధార సన్నగిలుతుంది. వాన పడితే గీత లేదు, ఆ రోజు కూలీ లేదు. గీశాక వాన వస్తే మరీ నష్టం. కప్పులోనే పాలు గడ్డ కడితే మంచి షీటుకు పనికిరావు, ఒట్టుపాల లెక్కలో తక్కువ ధరకు పోతాయి. పాలు ఎక్కడ గడ్డ కట్టాలో అక్కడే కట్టాలి, ఎప్పుడు కట్టాలో అప్పుడే కట్టాలి. ఆ ఒక్క సంగతి మీద ఇంటిల్లిపాదీ తిండి ఆధారపడి వుండేది.

ఆమెకు మేము మెక్సికో వారి సంగతి విడమరచి చెప్పాము. తీగ నలిపి, రసం పిండి, పాలలో పోసేవారని. చివరిదాకా విని, ‘అయితే ఆ తీగ పాలకి తోడన్న మాటేటి బాబూ!’ అన్నది. మేము చదివిన వ్యాసాలలో ఇంత సూటి మాట మాకు కనబడలేదు. శాస్త్రం ప్రకారం చూస్తే పెరుగు తోడుకోవడం వేరు, రబ్బరు గడ్డ కట్టడం వేరు. కాని పనిచేసే చేయికి రెండూ ఒకే జాతివి. ఏ పాలకు ఏ తోడు, ఎంత, ఎంతసేపు అన్నదే విద్య.

తరువాత ఆమె మరొక ప్రశ్న వేసింది. చెట్టుకు తీగ పాకనిచ్చారా అని. మన తోటల్లో చెట్టుకు తీగ ఎక్కితే కలుపు కూలీలకు తిట్లు తప్పేవి కావు. తీగ చెట్టు బలం లాగేస్తుందని, గీతకు అడ్డమని. ఆ దేశంలో మాత్రం అడవిలో ఆ చెట్టూ ఆ తీగా ఒకే చోట పెరుగుతాయి. పాలు ఒకదానివి, తోడు మరొకదానిది, రెండూ చేయి చాపితే అందుతాయి. అది వినేసరికి ఆమె చాలాసేపు నవ్వింది. ‘మేం నరికి పారేసిందే వాళ్ళకి పనిముట్టా!’ అన్నది.

ఈ తీగ మన దేశంలో విరివిగా దొరకదు. పాత తోటల అంచుల్లో, వాగు గట్టున, పాడుబడిన కంచెల మీద ఎక్కడో ఒకచోట కనబడుతుంది. పగలు చూస్తే వట్టి ఆకులే గనుక ఎవరూ గుర్తించరు. మన వైపు ఏడాది పొడవునా పొద్దు ఏడు గంటల ప్రాంతంలో వాలుతుంది. ఆ వేళకు వెళ్ళి నిలబడితే విచ్చుకోవడం చూడవచ్చు. గింజ పైపెంకు గట్టిది. గరుకు రాతి మీద కాస్త అరగదీసి, రాత్రి నీళ్ళలో నానబెట్టి నాటితే మొలుస్తుంది. పసిపిల్లలున్న ఇళ్ళలో గింజలు వారికి అందకుండా దాచాలి. తీగ అదుపు తప్పి పాకితే తక్కిన మొక్కలను కప్పివేస్తుంది కనుక ఒక పందిరికి కట్టి వుంచడం మంచిది.

ఆ సాయంత్రం గట్టు మీద ఎండిన కాయ ఒకటి దొరికితే నాలుగు గింజలు తీశాము. రెండు మేము వుంచుకున్నాము. రెండు పెద్దమ్మ అడిగి తీసుకుని కొంగున ముడి వేసుకున్నది. మావి మొలవలేదు. ఆమె ఇంటి వెనుక కంచె మీద ఇప్పుడు రోజుకు పది పన్నెండు పూలు పూస్తున్నాయి. తెల్లవారుజామున నాలుగింటికి లేచే అలవాటు ఆమెకు ఇంకా పోలేదు. ఆ వేళకు అవి విచ్చుకునే వుంటాయి.